ఆరోగ్య పుస్తకానికి ఆమెన్

పోయిన నెలలో ఒక ఆదివారం ఆరాధన ముగిశాక, మా సంఘంలో యువకుల కూటాన్ని నడిపే ప్రవీణ్ బొమ్మసంద్రలోని మా ఇంటికి వచ్చాడు. గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసుకుంటున్న మనిషి. భక్తి ఉంది, ఓపిక తక్కువ, చేతిలో ఎప్పుడూ ఏదో ఒక తెర వెలుగుతూ ఉంటుంది. ఆ రోజు తెచ్చిన తెర బడిపిల్లల పలకంత ఉంది. దాన్ని మా భోజనాల బల్ల మీద, మజ్జిగ గ్లాసు పక్కన, పసిబిడ్డను పడుకోబెట్టినంత జాగ్రత్తగా పెట్టాడు.

"ఆంటీ, ఇది హెల్త్ లైబ్రరీ. హొసకోటె అవతల పల్లెల్లో ఊరికి ఒకటి ఇస్తాం. చదువు రాకపోయినా ప్రాబ్లం లేదు. బొమ్మ మీద నొక్కితే చాలు, తెలుగులోనో కన్నడలోనో చదివి వినిపిస్తుంది. విరేచనాలు, జ్వరం, బీపీ, షుగరు, అన్నీ ఉన్నాయి. డాక్టర్లు చెక్ చేశారు. ఇలాంటి ఐడియా ఇంతకుముందు ఎవరూ ట్రై చెయ్యలేదు ఆంటీ."

"ఎవరూ చెయ్యలేదా?" అన్నాను.

"ఎవరూ చెయ్యలేదు. తెలుగు వాయిస్ మాత్రం మీదే ఉండాలని టీమంతా ఫిక్స్ అయిపోయాం. మీరు చర్చిలో వాక్యం చదువుతుంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. ఆ గొంతుతో చెప్తే జనం కళ్ళు మూసుకుని వింటారు."

ఆ చివరి మాట దగ్గరే నాకు భయం వేసింది. ఆలోచించుకుని చెబుతానన్నాను. నేను వినయం చూపిస్తున్నాననుకుని, మజ్జిగ తాగి, ప్రార్థన చేయించుకుని వెళ్ళాడు. అది వినయం కాదు. ఇదే గొంతుతో, అదే హొసకోటె అవతల, ఇలాంటి ఆరోగ్య పుస్తకమే నేను పన్నెండేళ్ళ వయసులో చదివి వినిపించాను. జనం కళ్ళు మూసుకునే విన్నారు. దానివల్ల ఒక పసిబిడ్డ చావు దాకా వెళ్ళి వచ్చింది. మళ్ళీ చదవడమా మానడమా అన్నది ఒక్క ఆదివారంలో తేల్చుకోగల సంగతి కాదు నాకు.

మేమప్పుడు నగరం నడిబొడ్డున కాటన్‌పేటలో, దూది బేళ్ళ దుకాణాల వెనక ఒక సందులో ఉండేవాళ్ళం. ఆ సందుకు రెండు వాసనలు. పొద్దున ఊదుబత్తి, ఎండెక్కాక గోనె. మా ఇంటికి మాత్రం మూడో వాసన ఒకటి అదనంగా ఉండేది, ఆస్పత్రి ఫినాయిలు. అది సుగుణత్తది. సుగుణత్త మా నాన్నకు అక్క, మిషన్ ఆస్పత్రిలో నర్సు, పెళ్ళి చేసుకోలేదు. గంజి పెట్టిన తెల్లచీర కట్టుకుని నడుస్తుంటే కాగితం మడత విప్పుతున్న చప్పుడయ్యేది. కాఫీలో చక్కెర వేసుకునేటప్పుడు కూడా చెంచా మీద కత్తి వీపు ఆనించి సమం చేసి వేసుకునే మనిషి. నాన్న సంఘానికి కార్యదర్శి. మా ఇంట్లో కాఫీ కన్నా ముందు కీర్తన, కీర్తన తరవాత వాక్యం, వాక్యం తరవాత నాన్న ప్రార్థన. వంటింట్లో డికాక్షను బొట్టు బొట్టుగా దిగుతూ ఉండేది, ఆ వాసన మా మోకాళ్ళ దాకా వచ్చేది. ఆ వాసన మధ్య మేం చేసిన ప్రార్థనల్లో ఎన్ని ఆకాశం దాకా వెళ్ళాయో, ఎన్ని వంటింటి గుమ్మం దగ్గరే ఆగిపోయాయో దేవునికే తెలియాలి.

ఆస్పత్రి వాళ్ళు పల్లెల్లో పంచుదామని అచ్చు వేయించి, పంచడం మర్చిపోయిన చిన్న చిన్న పుస్తకాలు ఒక గదిలో కట్టలు కట్టి పడి ఉండేవి. పెద్ద అక్షరాలు, గీతల బొమ్మలు. బిడ్డకు విరేచనాలైతే ఏం చెయ్యాలి, బొడ్డు దేంతో కొయ్యాలి, ఆరు నెలల బిడ్డకు ఏం తినిపించాలి, ఇలాంటివి. అత్త వాటిని అడిగి తెచ్చుకుని, ఖాకీ కాగితం అట్టలు వేసి, దారంతో కుట్టి, నాఫ్తలీన్ ఉండలు వేసిన పచ్చ ట్రంకు పెట్టెలో సర్దింది. చదవదల్చుకున్న వాళ్ళకు ఇవ్వాలి, చదివాక వెనక్కి తీసుకోవాలి, అంతే ఆమె పథకం. పెట్టెను మందిరంలో ఉంచుకోనివ్వమని సంఘాన్ని అడిగింది. పెద్దలు కూర్చున్నారు. ఆత్మకు సంబంధించిన పుస్తకాలున్న గదిలో దేహానికి సంబంధించిన పుస్తకాలు ఉండవచ్చా అన్నది ప్రశ్న. రెండు సాయంత్రాలు దాని మీదే గడిచాయి. పుస్తకాలు తిరగేస్తూ తిరగేస్తూ ఒక పెద్దాయన నిండు గర్భిణి బొమ్మ దగ్గర ఆగిపోయాడు.

"దేవుని మందిరంలో ఈ బొమ్మ యేమిటికమ్మా?" అన్నాడు.

"మీరందరూ ఆ బొమ్మలోనించే వచ్చినారు కదప్పా" అంది అత్త.

చివరికి పెట్టె మందిరంలో ఉండవచ్చు, తాళంచెవి మాత్రం పెద్దల దగ్గర ఉండాలి అని తీర్మానం రాశారు. ఆ మరుసటి శనివారమే అత్త పెట్టెను ఒక కూలీ నెత్తిన పెట్టించి హొసకోటె బస్సెక్కింది. సాయానికి నన్ను తీసుకెళ్ళింది. హొసకోటెలో దిగి ఇంకో మూడు మైళ్ళు ఎద్దుల బండిలో పోతే మా సంఘం చూసుకునే చిన్న ప్రార్థనా మందిరం ఒకటి ఉండేది. ఇటుక బట్టీల్లో, ద్రాక్ష తోటల్లో కూలి చేసే తెలుగు కుటుంబాలు. మందిరానికి వచ్చేవాళ్ళూ రానివాళ్ళూ అందరూ పుస్తకాల పెట్టె చూడ్డానికి వచ్చారు. చదవడం వచ్చినవాళ్ళు ఆ ఊరంతటికీ నలుగురు. అందుకని అత్త నన్ను చదివి వినిపించమంది.

నేను సామాన్యంగా చదివేదాన్ని కాదు. వాక్య పఠన పోటీల్లో మూడేళ్ళు వరసగా మొదటి బహుమతి నాది. కామా దగ్గర ఊపిరి ఆపాలి, వాక్యం చివర గొంతు దించాలి, దించాక రెండు లెక్కపెట్టేంత సేపు నిశ్శబ్దం ఉంచాలి, ఇదంతా ఆదివారపు బడిలో నేర్పిన విద్య. నాకు చదవడమంటే అదొక్కటే తెలుసు. "ఒక లీటరు, కాచి చల్లార్చిన నీళ్ళలో," అని ఊపిరి ఆపాను. ముందు వరసలో ఆడవాళ్ళు కొంగు నెత్తిన కప్పుకున్నారు. "ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు," అన్నాను. మగవాళ్ళు తలపాగాలు తీశారు. చివరికొచ్చి గొంతు దించేసరికి అందరూ కళ్ళు మూసుకుని ఉన్నారు. నేను పుస్తకం మూశాను. "ఆమెన్" అన్నారు అందరూ. నేనూ అన్నాను.

అత్త కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "పోనీలే, వింటా ఉండారు కదా" అంది. అలా ఆరు నెలలు సాగింది. పుస్తకాలు పట్టుకెళ్ళేవాళ్ళు, మళ్ళీ వారం తెచ్చేవాళ్ళు. ఒక్క పేజీ నలిగేది కాదు. మందిరానికి రాని ఇళ్ళకు వెళ్ళినవి పసుపు కుంకుమ బొట్లతో తిరిగొచ్చేవి, వాళ్ళు దేవుడి గూట్లో పెట్టేవాళ్ళట. మా వాళ్ళ ఇళ్ళకు వెళ్ళినవి దిండు మడత పడి తిరిగొచ్చేవి. జ్వరం వచ్చినవాళ్ళ తలకింద పరిశుద్ధ గ్రంథం పెట్టడం మా వాళ్ళకు అలవాటు, ఇదీ అలాంటిదే అనుకున్నారు. సంఘం సాంవత్సరిక కూటంలో నాన్న చదివిన నివేదికలో ఒక వాక్యం నాకింకా గుర్తుంది: "ఆరోగ్య పుస్తకములు మిక్కిలి భక్తి శ్రద్ధలతో వినియోగింపబడుచున్నవి, ఒక్కటియు చెడిపోలేదు." అందరూ సంతోషించారు.

ఆ పల్లెలో సాలమ్మ అని ఒకామె ఉండేది, బట్టీలో ఇటుకలు మోసేది. చదువు రాదు, కానీ ఒకసారి వింటే మర్చిపోదు. విరేచనాల పుస్తకం మొదటినుంచి చివరిదాకా ఆమెకు కంఠతా వచ్చేసింది. ఎండాకాలం ఒక శనివారం ఆమె కూటానికి రాలేదు. బిడ్డకు బాగాలేదంటే అత్తా నేనూ మధ్యాహ్నం వాళ్ళ గుడిసెకు వెళ్ళాం. వాకిట్లో ఉండగానే లోపలినుంచి నా గొంతు వినిపించింది. అంటే సాలమ్మ గొంతే, కానీ రాగం నాది. నేను ఊపిరి ఆపే చోట ఊపిరి ఆపి, నేను దించే చోట దించి, "ఒక లీటరు, కాచి చల్లార్చిన నీళ్ళలో," అని చెబుతోంది. నా మనసులో మొదట కలిగింది గర్వం. ఈ మాట ఇన్నేళ్ళలో నేను ఎవరికీ చెప్పలేదు.

లోపల ఎనిమిది నెలల ఆడబిడ్డ చాప మీద పడి ఉంది. తలకింద గుడ్డ మడత, ఆ మడతలో పుస్తకం. కళ్ళు లోతుకు పోయాయి. ఏడుస్తోంది గానీ చప్పుడు లేదు, కన్నీరు లేదు. అత్త పొట్ట మీద చర్మం రెండు వేళ్ళతో పట్టి వదిలింది. అది వెంటనే దిగలేదు.

"ఎప్పటినించి?" అంది.

"నిన్న పొద్దున్నించి సిస్టరమ్మా."

"నీళ్ళు పట్టించినావా?"

"వాక్యం పట్టించినా సిస్టరమ్మా. పొద్దున మూడు తూర్లు, మాపున మూడు తూర్లు. ఒక్క ముక్క తప్పలే."

"ఆ వాక్యంలో ఏముండాది మరి? నీళ్ళు, చక్కెర, ఉప్పు. దాన్ని ఎవురు కలపల్లనుకుంటివే?"

సాలమ్మ తెల్లబోయి అత్త వంక చూసింది, తరవాత నా వంక చూసింది. "కలపల్లని పాప చెప్పలేదే. చదివి ఆమెన్ అనేసింది. అయిపోయిందనుకుంటి" అంది.

అత్త నన్ను పొయ్యి ముట్టించమంది. ఇంట్లో ఉప్పుంది, చక్కెర లేదు. నేను తోట మేస్త్రీ ఇంటికి పరిగెత్తి పొట్లం కట్టించుకుని వచ్చాను. కాచిన తపేలాను నీళ్ళ తొట్టిలో నిలబెట్టి చల్లార్చాం. అత్త చెంచా మీద కత్తి వీపు పెట్టి సమం చేస్తూ ఆరు లెక్కపెట్టింది. ఆస్పత్రికి తీసుకుపోవాలంటే ఎద్దుల బండి రావడానికి ఇంకా మూడు గంటలుంది. ఆ మూడు గంటలూ బిడ్డను ఒళ్ళో పెట్టుకుని, నిమిషానికొక చెంచా, కక్కితే కాస్త ఆగి మళ్ళీ ఒక చెంచా. సాలమ్మ గోడకు ఆనుకుంది. నేను మూల కూర్చుని, ఈ బిడ్డ పోతే నేనే చంపినట్టు అని నాలో నేను అనుకుంటూ, నాకు తెలిసిన ప్రార్థనలన్నీ చేశాను. బండి వచ్చేవేళకు బిడ్డ అత్త గంజిచీర నిండా ఉచ్చ పోసింది. అత్త ఆ తడి మరకను బంగారం చూసినట్టు చూసి, "బతికిందిలేవే" అంది. హొసకోటె ఆస్పత్రిలో రెండు రోజులుంచుకుని పంపేశారు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాం. దారి పక్క చెట్లు వెనక్కి పోతూనే ఉన్నాయి. అత్త అంది: "మందిరంలో చదివినట్ల చదివితే మందిరంలో విన్నట్లే వింటారు పాపా. తప్పు ఆయమ్మది కాదు. నీదీ కాదు, నవ్వుకుంటా ఊరుకుంటినే, నాది." సాలమ్మ ప్రార్థనను నేను ఈనాటికీ తక్కువ చేయను. దేవుడు ఆ శనివారం ఆ గుడిసెకు ఒక నర్సును పంపాడని నా నమ్మకం. అయితే చెంచాను ఆయన ఎప్పుడో పంపి ఉన్నాడు. అది పొయ్యి పక్కనే ఉంది.

ఆ తరవాతి వారం నుంచి అత్త కొత్త పద్ధతి పెట్టింది. పుస్తకం తిరిగి ఇవ్వాలంటే పుస్తకంలో ఉన్నది చేసి పట్టుకుని రావాలి. విరేచనాల పుస్తకం తీసుకున్నవాళ్ళు చెంబుడు ఉప్పుచక్కెర నీళ్ళు కలుపుకుని రావాలి. బిడ్డ తిండి పుస్తకం తీసుకున్నవాళ్ళు రాగి జావ తేవాలి. అత్త ప్రతి చెంబులోంచీ ఒక గుక్క తాగి చూసేది. "కన్నీళ్ళ కంటే ఉప్పగా ఉండాది, పారబోసి మళ్ళీ కలుపుకోని రా, పో" అనేది. తెచ్చినవాళ్ళు చూస్తూ నిలబడతారు గనక ఉమ్మేసే వీలుండేది కాదు. ఇరవై చెంబులు రుచి చూసి, ఎద్దుల బండి కుదుపుల్లో హొసకోటె బస్టాండు చేరేదాకా మా అత్త ముఖం చూసి తీరవలసిందే. నా పఠనం రద్దయింది. పేర్లు రాసుకునే పని మిగిలింది. పుస్తకాలకు నూనె చేతులు తగిలాయి, జావ ఒలికింది, అంచులు పొగచూరాయి. ఆ ఏడు నాన్న నివేదికలో, "ఆరోగ్య పుస్తకములు అజాగ్రత్త వలన మిక్కిలి చెడిపోవుచున్నవి" అని వచ్చింది. పెద్దలు విచారం వెలిబుచ్చి, పుస్తకాలను గౌరవించమని ఆ పల్లెకు ఒక ఉత్తరం రాయించారు.

సాలమ్మ బిడ్డను ఎత్తుకుని కాటన్‌పేట మందిరానికి సాక్ష్యం చెప్పడానికి వచ్చింది. దేవుడు నా బిడ్డను బతికించినాడు, ఈ పాప నోటి మాటతో బతికించినాడు అని నన్ను వేలెత్తి చూపించింది. మందిరమంతా నా వైపు తిరిగింది. నాన్న కళ్ళు తుడుచుకున్నాడు. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన అత్త వెనక బెంచీలో కూర్చునే నిద్రపోతోంది. లేచి నిలబడి, కాదు, నా నోటి మాటతో చావబోయింది, అత్త చెంచాతో బతికింది అని చెప్పవలసింది. తల వంచుకుని కూర్చున్నాను. దాన్ని కూడా వినయమనే అనుకున్నారు.

అత్త పోయి చాలా ఏళ్ళయింది. ఆమె తరవాత ఆ పెట్టెను నడిపినవాళ్ళు లేరు. కొన్నాళ్ళు క్రిస్మసు నక్షత్రాల రంగు కాగితాలు దాచడానికి వాడారు, తరవాత ఏమైందో తెలియదు. ప్రవీణ్ రెండోసారి వచ్చినప్పుడు ఈ కథంతా చెప్పాను. "సూపర్ స్టోరీ ఆంటీ, ఓపెనింగ్ రోజు మైకులో చెప్పేద్దాం" అన్నాడు. ఆనక తెర మీద ఒక పట్టిక చూపించాడు. ఏ ఊళ్ళో ఎంతమంది ఎంతసేపు విన్నదీ అందులో పడుతుందట. "విన్నాక లేచి పొయ్యి ముట్టించారా లేదా తెలుస్తుందా?" అని అడిగాను. "అది ట్రాక్ చెయ్యలేం ఆంటీ" అన్నాడు నిజాయితీగా. మా నాన్న నివేదిక కూడా అంతకన్నా ఎక్కువ తెలుసుకోలేకపోయింది. అప్పటికీ ఇప్పటికీ తేడా ఏమిటంటే, నాన్నది చేతిరాత.

చివరికి ఒప్పుకున్నాను. వద్దంటే ఇంకెవరో సినిమా గొంతువాళ్ళు చదువుతారు, నేనైతే ఇంట్లో మాట్లాడినట్టు చదవవచ్చు కదా అనుకున్నాను. దుప్పట్లు కట్టిన గదిలో కూర్చోబెట్టి మైకు పెట్టారు. మాట్లాడినట్టే మొదలుపెట్టాను. రెండో వాక్యానికి కామా దగ్గర ఊపిరి ఆగింది. మూడోదానికి గొంతు దిగింది. అరవై ఏళ్ళు దాటాక ఇంకో రాగం ఎక్కడినుంచి వస్తుంది? ఆపి మళ్ళీ మొదలుపెడదామంటే, ప్రవీణ్ అద్దం అవతలినుంచి బొటనవేలు ఎత్తి చూపిస్తున్నాడు. అతని కళ్ళు మూసుకునే ఉన్నాయి.

పోయిన వారం ఆ పలకను హొసకోటె అవతల ఒక ఊళ్ళో పెడుతుంటే నేనూ వెళ్ళాను. ఇటుక బట్టీల జాడ లేదు, వాటి చోట గోదాములు వచ్చాయి. బడి వరండాలో పాతికమంది ఆడవాళ్ళు కూర్చున్నారు. ప్రవీణ్ బిడ్డ బొమ్మ మీద నొక్కాడు. నా గొంతు వరండా అంతా పరుచుకుంది. ముందు కూర్చున్న ఇద్దరు ముసలమ్మలు కొంగు నెత్తిన కప్పుకున్నారు. పక్కామె కళ్ళు మూసుకుంది. వాళ్ళ వెనక చంకలో బిడ్డతో, చేతిలో పాల క్యానుతో భాగ్య అనే ఆమె నిలబడి ఉంది. పలకలో నా గొంతు ఇంకా నీళ్ళు కాచడం దగ్గరే ఉంది.

"ఓ అన్నా, నిలుపు దాన్ని" అంది గట్టిగా.

ప్రవీణ్ తడబడి నిలిపాడు. "అక్కా, ఫుల్‌గా వినాలక్కా. లాస్ట్‌లో షార్ట్‌గా మళ్ళీ చెప్తుంది."

"సాకప్పా, చాలు నీ లాస్టు. ఆయమ్మ ఉప్పుకాడికి వచ్చేలోగా నా బిడ్డ ఏమైపోవల్ల? నాకు పాల డైరీకి టైమైతా ఉండాది. చక్కెర ఎన్ని చెంచాలు? కుప్పగానా, సమంగానా? లీటరంటే ఏ చెంబుతో పొయ్యల్ల?"

ప్రవీణ్ తెర వెతికాడు. చెంబు సంగతి అందులో లేదు. నా వైపు చూశాడు.

"ఆరు, సమంగా. ఉప్పు అర చెంచా, అదీ సమంగానే. ఒక లీటరు నీళ్ళ బాటిలు తెచ్చి నీ చెంబులో పోసి చూసుకో, ఎక్కడిదాకా వస్తే అక్కడ గుర్తు పెట్టుకో" అన్నాను. ఊపిరి ఎక్కడా ఆపలేదు, అందుకు వ్యవధి ఇవ్వలేదామె.

"అంతేనా? దీనికి ఇంత సేపు పాడల్లనా?" అని బిడ్డను చంక మార్చుకుంది. "నువ్వేనామ్మా పాడింది? గొంతు బాగుండాది. నిద్రొస్తాది."

వరండా అంతా నవ్వింది. కళ్ళు మూసుకున్నామె తెరిచింది. ముసలమ్మ కొంగు జారవిడిచి, బెల్లం వేస్తే కాదా అని అడిగింది, ఇంకొకామె గంజి సంగతి అడిగింది, అందరూ ఒకేసారి మాట్లాడడం మొదలుపెట్టారు. పలక నోరు మూసుకుని ఒక పక్కన పడి ఉంది. పుట్టి బుద్ధెరిగాక నా పఠనానికి ఎవరూ అడ్డు రాలేదు. అడ్డు వచ్చినందుకు కొంచెం మండింది కూడా, అబద్ధం ఎందుకు. ఆ సాయంత్రం ప్రార్థనలో భాగ్య పేరు అందరికన్నా ముందు చెప్పాను. ఆమె కోసం ఏమీ అడగలేదు. అంత దురుసు నోరు ఇచ్చినందుకు దేవునికి కృతజ్ఞత చెప్పుకున్నాను.